సీలియాక్ పరీక్ష అయ్యేదాకా చపాతీ మానొద్దు, ఆ తర్వాత ఇంగువ డబ్బా కూడా చూడాలి

అమ్మా, మీరు రాసినదంతా చదివాను. మీ అమ్మాయికి 24 ఏళ్లు, రెండేళ్లుగా గురుగ్రామ్‌లో ఉద్యోగం. అక్కడికి వెళ్లిన కొన్నాళ్లకే కడుపు ఉబ్బరం, విరేచనాలు మొదలయ్యాయి. ఐరన్ మాత్రలు ఎన్ని వాడినా హిమోగ్లోబిన్ 8 దాటడం లేదు. మూడు వారాల కిందట యూట్యూబ్‌లో ఏదో చూసి తనంతట తానే చపాతీలు మానేసింది, హాయిగా ఉందంటోంది. ఇప్పుడు గ్యాస్ట్రో డాక్టరు సీలియాక్ పరీక్షలు రాశారు. "తగ్గిపోయింది కదా, ఇక పరీక్షలెందుకు, గోధుమ మానేస్తే చాలదా? ఒకవేళ అదే జబ్బయితే జీవితాంతం ఏం తినాలి?" అని మీ ప్రశ్న.

హైదరాబాద్‌లో గ్యాస్ట్రో విభాగంలో డైటీషియన్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా మాట ఒక్కటే: పరీక్ష చేయించండి, అది కూడా గోధుమ తింటున్నప్పుడే చేయించండి. ఈ ఒక్క విషయంలో తొందరపడితే తర్వాత సరిదిద్దుకోవడం చాలా కష్టం.

ఎందుకో చెబుతాను. సీలియాక్ అంటే అరగకపోవడం కాదు, అలర్జీ కూడా కాదు. గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి విదేశీ ధాన్యం) అనే మూడు ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. ఈ జబ్బున్నవాళ్లు అది తిన్నప్పుడల్లా వాళ్ల రోగనిరోధక వ్యవస్థ వాళ్ల చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి పొర టర్కీ టవల్‌లా సన్నటి నూగుతో ఉంటుంది. ఆ నూగే తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకుంటుంది. దాడి జరిగేకొద్దీ అది అరిగి చదునైపోతుంది. ఐరన్ పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగంలోనే, ఎక్కువగా దెబ్బతినేదీ అక్కడే. మీ అమ్మాయికి మాత్రలు పనిచేయకపోవడానికి ఇదే కారణం కావచ్చు. కొందరికి విరేచనాలే ఉండవు. మానని రక్తహీనత, నోటిపూత, ఎముకల బలహీనత, గర్భం నిలవకపోవడం, లివర్ ఎంజైములు పెరగడం, పిల్లల్లో ఎత్తు పెరగకపోవడం, ఇలా ఏదో ఒక్క లక్షణంతోనే ఏళ్లు గడిచిపోతాయి.

రక్తపరీక్షలో చూసేది ఆ దాడి తాలూకు యాంటీబాడీలను. బయాప్సీలో, అంటే పేగు లోపలి నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో, చూసేది ఆ దెబ్బను. గోధుమ మానేస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది. అప్పుడు పరీక్ష చేస్తే జబ్బు ఉన్నా లేదనే రిపోర్టు రావచ్చు. "మంచిదే కదా, లేకపోతే హాయి" అనుకుని మళ్లీ పూరీలు, బిస్కెట్లు మొదలుపెడతారు. లేదా అనుమానంతో సగం మాని, సగం తింటూ ఏళ్లు గడిపేస్తారు. రెండోదే నాకు ఎక్కువ భయం. ఈ పథ్యం జీవితాంతం, అదీ ఒక్క పొల్లు కూడా తప్పకుండా పాటించాలి. "నాకు సీలియాక్ ఉంది" అని గట్టిగా తెలియకుండా పెళ్లిళ్లలో, ఆఫీసు పార్టీల్లో, అత్తగారింట్లో ఎవరూ అంత కచ్చితంగా ఉండలేరు.

ఆమె మానేసి మూడు వారాలే అంటున్నారు కాబట్టి డాక్టరుతో ఇలా మాట్లాడండి. ఇప్పుడే రక్తం ఇచ్చేయొచ్చా అని అడగండి. యాంటీబాడీలు సాధారణంగా అంత తొందరగా పూర్తిగా పోవు. పాజిటివ్ వస్తే దారి తేలికవుతుంది. నెగెటివ్ వస్తే మాత్రం ఆ రిపోర్టును నమ్మి ఊరుకోవద్దు, మళ్లీ గోధుమ తిని పరీక్ష చేయించుకోవాలి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం పరీక్షకు ముందు కనీసం 6 వారాలు, రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గ్లూటెన్ ఉన్న తిండి తినాలి. మన లెక్కలో పొద్దున ఉప్మా, రాత్రి ఒకట్రెండు చపాతీలు. అన్ని రోజులు తట్టుకోలేనివాళ్లకు డాక్టర్లు ఇంకా ముందే పరీక్ష చేసే పద్ధతీ ఉంది. ఎన్నాళ్లన్నది ఆమె డాక్టరే తేల్చాలి. ఆ రోజుల్లో ఇబ్బంది మళ్లీ వస్తుంది, ఆమెకు ముందే చెప్పి ధైర్యంగా ఉండమనండి. బాగా నీరసించిపోతే మాత్రం ఆపేసి డాక్టరుకు ఫోన్ చేయాలి.

రక్తపరీక్ష పేరు టీటీజీ ఐజీఏ. దీంతోపాటు టోటల్ ఐజీఏ కూడా చేయించండి. ఐజీఏ అనేది ఒక రకం యాంటీబాడీ. కొద్దిమందికి పుట్టుకతోనే అది తక్కువగా ఉంటుంది, అలాంటివాళ్లకు జబ్బు ఉన్నా టీటీజీ ఐజీఏ నెగెటివ్ వస్తుంది. వాళ్లకు ఐజీజీ రకం పరీక్షలు వేరే చేయాలి. చీటీలో టోటల్ ఐజీఏ లేకపోతే అడిగి రాయించుకోండి. ల్యాబుల్లో "ఫుడ్ ఇన్‌టాలరెన్స్ ప్యానెల్" అని వేలకు వేలు తీసుకుని వందల పదార్థాల జాబితా చేతిలో పెడతారు, దాంతో సీలియాక్ తేలదు. ఆ డబ్బు దండగ.

హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యుపరీక్ష గురించి కూడా ఎవరో చెప్పారన్నారు. అది నెగెటివ్ వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే. పాజిటివ్ వస్తే మాత్రం దాంతో ఏమీ తేలదు. మన దేశంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. అందులో దక్షిణాది వాళ్లలోనూ ఉత్తరాది వాళ్లలోనూ ఈ జన్యువులు దాదాపు ఒకేలా, మూడో వంతు మందికి పైగా కనిపించాయి. సీలియాక్ యాంటీబాడీలు మాత్రం ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనిపించాయి. తేడా ఎక్కడుందయ్యా అంటే తిండిలో. వాళ్లు రోజుకు తినే గోధుమ నాలుగు వందల గ్రాములకు పైన, మనవాళ్లది పాతిక గ్రాములు. అంటే మన ఒంట్లో జన్యువు ఉంది, పళ్లెంలో గోధుమ లేదు, అంతే. మీ కరీంనగర్‌లో అన్నం తిన్నన్నాళ్లూ లేని ఇబ్బంది గురుగ్రామ్ మెస్సులో రెండు పూటలా రొట్టెలు తినడం మొదలెట్టాక బయటపడటంలో వింతేమీ లేదు. "ఇది పంజాబీల జబ్బు, మనకు రాదు" అని ఇక్కడ కొందరు డాక్టర్లు కూడా అంటుంటారు. అరుదు అంటే అసలు లేదని కాదు.

ఇక ఎండోస్కోపీ, అంటే బయాప్సీ ముక్క తీయడానికి నోట్లోంచి సన్నటి కెమెరా గొట్టం పంపడం. దానికే టెన్షన్ పడుతున్నారని అర్థమైంది. ఖాళీ కడుపుతో వెళ్లాలి, గొంతులో మొద్దుబారే స్ప్రే కొడతారు, కావాలంటే మత్తు కూడా ఇస్తారు. లోపల పని నిమిషాల్లో అయిపోతుంది. ముక్క తీసేటప్పుడు నొప్పి తెలియదు. ఒక సంగతి మాత్రం ముందే అడగండి: "సీలియాక్ కోసం ముక్కలు తీస్తారు కదా డాక్టరుగారూ?" అని. పైకి పేగు మామూలుగా కనిపించినా ముక్కలు తీయాలి, ఎందుకంటే చాలామందిలో దెబ్బ మైక్రోస్కోపు కింద మాత్రమే కనబడుతుంది. చిన్నపేగు మొదటి భాగంలో, అంటే డుయోడినంలో, రెండో భాగంలో కనీసం 4, దాని మొదట్లో ఒకటి రెండు తీయడం పద్ధతి. మచ్చలు మచ్చలుగా దెబ్బతినే జబ్బు కాబట్టి ఒక్క ముక్కతో తేలదు. రిపోర్టులో "మార్ష్ 3ఏ, 3బీ, 3సీ" అని ఉంటే నూగు అరిగిపోయిందని అర్థం.

పిల్లల్లో టీటీజీ మామూలు పరిమితికి పదింతలు దాటి, మరో శాంపిల్‌లో ఇంకో యాంటీబాడీ కూడా పాజిటివ్ అయితే యూరప్ డాక్టర్లు బయాప్సీ లేకుండానే నిర్ధారిస్తున్నారు. మీ అమ్మాయి పెద్దది, అదీగాక మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నూగు అరిగిపోయిన ప్రతి పేగూ సీలియాక్ కాదు. ట్రాపికల్ స్ప్రూ, జియార్డియా, పేగు టీబీ, క్రోన్స్ అనే వేరే పేగు జబ్బులు కూడా కొన్నిసార్లు అలాంటి మార్పులే చూపిస్తాయి. వాటికి మందులు వేరు. ట్రాపికల్ స్ప్రూ ఉన్న మనిషికి గోధుమ మాన్పించి కూర్చోబెడితే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. రక్తపరీక్ష, బయాప్సీ రెండూ కలిపి చూస్తేనే మాట పక్కా.

రిపోర్టు పాజిటివ్ వచ్చిందనే అనుకుందాం. ఇక్కడి నుంచి ధైర్యం చెప్పే భాగం మొదలవుతుంది. ఈ జబ్బుకు మందు పథ్యమే. దీన్ని తేల్చింది నెదర్లాండ్స్‌లో విల్లెం డికే అనే పిల్లల డాక్టరు. గోధుమ మీద ఆయనకు ముందు నుంచే అనుమానం. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ కరవొచ్చి బ్రెడ్డు దొరకనప్పుడు ఈ పిల్లలు కోలుకున్నారు, బ్రెడ్డు తిరిగొచ్చాక మళ్లీ జబ్బుపడ్డారు. 1950లో ఆయన తన పరిశోధనను సమర్పించారు. అక్కడి తల్లులకు రోజూ తినే రొట్టే దూరమైంది. మనకు అన్నం ఉంది, ఇడ్లీ ఉంది, దోసె, పెసరట్టు, జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగి సంకటి, కొర్రలు, అటుకులు, బొరుగులు, సగ్గుబియ్యం ఉన్నాయి. పప్పు, కూర, చారు, పెరుగు దేంట్లోనూ సహజంగా గ్లూటెన్ లేదు. తెలుగు వంటింట్లో ముప్పాతిక భాగం మీ అమ్మాయికి పనికొస్తుంది. మానాల్సినవి మీకు తెలిసినవే: చపాతీ, పూరీ, బ్రెడ్డు, బిస్కెట్లు, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమ్యా, నూడుల్స్. రవ్వదోసెలో రవ్వా మైదా రెండూ ఉంటాయి. ఇడ్లీ రవ్వ బియ్యానిది, భయం లేదు.

అసలు ప్రమాదం కంటికి కనిపించే చపాతీతో కాదు, కనిపించనివాటితో. మొదటిది ఇంగువ. మీ వంటింట్లో ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదవండి. అసలు ఇంగువ ఘాటు భరించలేం కాబట్టి దాన్ని మైదా లేదా గోధుమపిండి, బంక కలిపి అమ్ముతారు. చిటికెడే కదా అనిపిస్తుంది. కానీ చారులో, పులిహోరలో, మాగాయ తాలింపులో, మజ్జిగ పులుసులో రోజూ ఆ చిటికెడు పడుతూనే ఉంటుంది. బియ్యప్పిండితో చేసిన ఇంగువ, లేదంటే ముద్ద ఇంగువ దొరుకుతుంది, అందులో ఏం కలిపారో చదివి కొనండి. బయట కొన్న సాంబారు పొడి, పచ్చళ్లు, కారప్పొడులకూ ఇదే చూపు కావాలి.

రెండోది పిండి మర, మీ వైపు గిర్ని అంటారు. జొన్నలు శుభ్రంగా ఏరి ఇచ్చారు, బాగానే ఉంది. కానీ మీ కంటే ముందు ఎవరో పది కిలోల గోధుమలు పట్టించుకుని వెళ్లారు. రాళ్ల మధ్యా, గొట్టంలో, పిండి పడే గుడ్డ సంచిలో ఆ గోధుమపిండి అంటుకునే ఉంటుంది, మీ మొదటి కిలో జొన్నపిండిలో అదంతా దిగుతుంది. గిర్ని వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి, గోధుమలు పట్టని మర ఉంటే అక్కడికే వెళ్లండి. లేకపోతే ఇంట్లో మిక్సీలోనో, చిన్న మరలోనో పట్టుకోవడమే మేలు. దుకాణంలో విడిగా అమ్మే జొన్నపిండి, రాగిపిండి, శనగపిండి కూడా ఇదే కోవలోకి వస్తాయి. ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటే, మన ఫుడ్ సేఫ్టీ సంస్థ నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఆ మాట ఉన్న పిండి కొనడం మంచిది. "మల్టీగ్రెయిన్ ఆటా" అన్నదాంట్లో సగానికి పైగా గోధుమే ఉంటుంది, పేరు చూసి కొనొద్దు.

బార్లీని చాలామంది మరిచిపోతారు. మూత్రంలో మంట అనగానే అమ్మమ్మలు బార్లీ నీళ్లు కాచి ఇస్తారు, అది పనికిరాదు. పాలల్లో కలుపుకునే మాల్ట్ పొడుల్లో చాలావాటికి బార్లీయే ఆధారం. రాగిమాల్ట్ ఇంట్లో రాగులతో చేసింది అయితే పరవాలేదు. మీ అమ్మాయి ఉన్నచోట సత్తు పిండి బాగా దొరుకుతుంది, అది శనగలదే అంటారు గానీ కొన్నిట్లో బార్లీ కలుపుతారు. సోయాసాస్‌లో గోధుమ ఉంటుంది, అందువల్ల ఫ్రైడ్ రైస్ కూడా వద్దు. ఓట్స్ మొదట్లో అసలు వద్దు. తర్వాత కూడా గ్లూటెన్ ఫ్రీ అని రాసినవే, డాక్టరు సరేనన్నాకే.

పండగలూ పబ్బాలూ. తిరుపతి లడ్డూ శనగపిండితో చేస్తారు, అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో. సత్యనారాయణ వ్రతం ప్రసాదమూ రవ్వదే. ఈ గోధుమ, రవ్వ ప్రసాదాలను ఆమె కళ్లకద్దుకుని ఇంట్లో ఇంకొకరికి ఇస్తే ఏ దోషమూ లేదని నేను నమ్ముతాను. అరిసెలు, పూతరేకులు, సున్నుండలు, మైసూర్‌పాక్ మంచివి. బొబ్బట్లు, కాజాలు, గవ్వలు, గులాబ్ జామూన్ కుదరవు. జాంగ్రీ మినప్పప్పుది, జిలేబీ మైదాది. పూర్ణం బూరెల తోపులో, చెక్కల్లో కొందరు కరకరలాడాలని మైదా కలుపుతారు, చేసినవాళ్లను అడగాల్సిందే. హైదరాబాద్ హలీంలో గోధుమ తప్పనిసరి. బిర్యానీ మంచిదే గానీ దమ్ము కోసం మూత చుట్టూ పిండిముద్ద పెడతారు, అంచు దగ్గరి అన్నం వడ్డించుకోవద్దు. పూరీలు వేగిన నూనెలో వేసిన వడ కూడా వడ కాదు, ఆమెకు సంబంధించినంతవరకు పూరీయే.

"ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?" అని చుట్టాలు అంటారు, తప్పకుండా అంటారు. ఒక మామూలు చపాతీలో గ్లూటెన్ రెండు గ్రాములకు పైనే. రోజుకు 50 మిల్లీగ్రాములు, అంటే అందులో నలభయ్యో వంతు, మూడు నెలలు తింటేనే పేగు దెబ్బతిన్నదని పరిశోధనల్లో తేలింది. పైకి ఏమీ అనిపించకపోవచ్చు, లోపల జరిగేది జరుగుతుంది. ఇది వాళ్లతో వాదించడానికి కాదు, మీరు స్థిరంగా ఉండటానికి చెబుతున్నాను. "డాక్టరు వద్దన్నారు" అన్న ఒక్క మాట మీరే ముందుగా చెప్పేయండి, ప్రతిసారీ ఆ పిల్లచేత చెప్పించవద్దు.

గురుగ్రామ్‌లో పీజీ మెస్సు మీద ఆధారపడితే కష్టం. రొట్టెలు కాల్చే పెనం మీదే ఆమె దోసె వేస్తారు, ఒకే గరిటె అన్నిట్లో తిప్పుతారు. చిన్న రైస్ కుక్కరు, ఆమెకే సొంతంగా ఒక పెనం, ఒక జల్లెడ, చెక్క గరిటె కొనిపెట్టండి. జల్లెడ, చెక్క సామాన్లు గోధుమపిండి వాడినవైతే ఎంత కడిగినా నమ్మలేం. స్టీలు గిన్నెలు బాగా తోమితే చాలు. అన్నం, కందిపొడి, నెయ్యి, ఒక గుడ్డు, పెరుగు ఉంటే పూట గడిచిపోతుంది. బయట తినాల్సి వస్తే అక్కడి రాజ్మా అన్నం నయం. నవరాత్రుల్లో దొరికే కుట్టూ (బక్‌వీట్) పిండికి గోధుమతో సంబంధం లేదు, కానీ విడిగా అమ్మేది కొనొద్దు. ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లు, కేకుల వెంట పడొద్దు. వాటిలో చాలావరకు గంజిపిండి, చక్కెర, కొవ్వు. ఆ డబ్బుతో తోటకూర, నువ్వులు, చేపలు, మాంసం, పప్పులు కొనుక్కుంటే ఆమె రక్తానికి మేలు.

మొదటి నెలల్లో పాలు పడకపోవచ్చు, పేగు మానేకొద్దీ అది సర్దుకుంటుంది, పెరుగు చాలామందికి పడుతుంది. ఐరన్ మాత్ర టీ, కాఫీలతో కాకుండా నిమ్మరసంతో వేసుకోమనండి. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్, విటమిన్ డి, థైరాయిడ్ ఒకసారి చూడాలి, ఎముకల స్కాన్ అవసరమా అని డాక్టరును అడగండి. కొత్త మందు ఏది రాసినా అందులో గోధుమ గంజి ఉందేమో మందుల షాపులో కనుక్కోవాలి. చాలామందికి కొన్ని వారాల్లోనే ఉబ్బరం తగ్గుతుంది, రక్తం ఎక్కడానికి నెలలు పడుతుంది. ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ టీటీజీ చేయిస్తే అంకె కిందికి దిగుతూ ఉండాలి. దిగకపోతే ఎక్కడో తెలియకుండా గోధుమ వెళ్తోందని అర్థం. అప్పుడు నేనైతే ముందు ఇంగువ, పిండి, మెస్సు, ఈ మూడింటినే వెతుకుతాను.

చివరిగా మీ ఇంట్లోవాళ్ల సంగతి. ఆమెకు నిర్ధారణ అయితే మీరు, వాళ్ల నాన్నగారు, తమ్ముడు ముగ్గురూ టీటీజీ ఐజీఏ చేయించుకోండి, ఇబ్బందేమీ లేకపోయినా సరే. తోబుట్టువుల్లో, తల్లిదండ్రుల్లో, పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి ఇది బయటపడుతుంది. తమ్ముడు వయసుకు తగ్గ ఎత్తు లేడని ఒక వాక్యం రాసి వదిలేశారు, నేను దాన్ని వదలను. ముందు అతనికి చేయించండి. అమ్మాయి మీద ప్రేమతో ఇల్లంతా గోధుమ మానేయాలని ఉంటే, మీ ముగ్గురి రక్తం ఇచ్చాక మానండి.